ట్రేడ్ టెస్ట్ అయిపోయాక మార్కుల లెక్క మార్చారు, ఏం చేయాలి?

గాజువాక ఫిట్టర్

అందరికీ నమస్కారం. మన నగరంలోని ఒక ప్రభుత్వ రంగ సంస్థ టెక్నీషియన్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ గురించి రాస్తున్నాను. సంస్థ పేరు ఇక్కడ పెట్టను, పరీక్ష రాసినవారికి అర్థమవుతుంది.

నోటిఫికేషన్‌లో ఉన్నది ఇది. కంప్యూటర్ మీద రాత పరీక్ష 100 మార్కులకు, ఆ మార్కులను బట్టే మెరిట్ జాబితా. తర్వాత ట్రేడ్ టెస్ట్, అంటే చేతిపని పరీక్ష ఉంటుంది కానీ అది అర్హత కోసం మాత్రమే, దాని మార్కులు మెరిట్‌లో కలపరు. చినముషిడివాడలో పరీక్ష రాశాం. మార్కులు వచ్చాయి. ఉన్న పోస్టులతో పోల్చి చూసుకుంటే నాకు ఉద్యోగం ఖాయమే. ట్రేడ్ టెస్ట్ కూడా పూర్తయింది, అర్హుల జాబితాలో నా నంబరు ఉంది.

గత వారం వెబ్‌సైటులో అర పేజీ నోటీసు పెట్టారు. రాత పరీక్షకు 60 శాతం, ట్రేడ్ టెస్టుకు 40 శాతం వెయిటేజీ ఇచ్చి తుది జాబితా వేశారు. కారణం ఒక్క మాటలో చెప్పారు: సంస్థ అవసరాల దృష్ట్యా అని. కొత్త లెక్కలో నా పేరు లేదు. నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయింది.

ట్రేడ్ టెస్టులో ఇచ్చిన జాబ్ ఏమిటంటే, రెండు మైల్డ్ స్టీల్ ముక్కలు. ఒకదానిలో గాడి కోయాలి, రెండోదాన్ని అందులో సరిగ్గా ఇమిడేలా ఆకురాయితో రుద్దాలి. మిల్లీమీటరులో పదో వంతు తేడా వరకు అనుమతి. నాది ఆ లోపలికి వచ్చేసింది. మూలమట్టం ఆనించి చూస్తే సందులోంచి వెలుతురు కనిపించలేదు. సమయం ఇంకా మిగిలి ఉంది. అయినా అక్కడితో ఆపి జాబ్ అప్పగించేశాను, అర్హత వస్తే చాలన్నారు కాబట్టి. అంచుల్లో లేచిన బర్ తీసి, సన్న ఆకురాయితో నునుపు చేసి ఇస్తే ఇంకొన్ని మార్కులు పడేవి. ఆ మార్కులే నా భవిష్యత్తు తేలుస్తాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఇలా మార్చే అధికారం వారికి ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

ద్వారకానగర్ పాఠకుడు

చదువుతుంటేనే కడుపు మండుతోంది. పౌర గ్రంథాలయంలో పొద్దున్నే సీటు పట్టుకుని కూర్చునే మాలాంటివాళ్లం దేనికి ఎంత సమయం పెట్టాలో నోటిఫికేషన్ చూసే నిర్ణయించుకుంటాం. మార్కులు లేని భాగాన్ని పక్కన పెడతాం, మార్కులున్నదాని మీద రాత్రింబవళ్లు కూర్చుంటాం. అంతా అయ్యాక లెక్క తిప్పేస్తే మేము చదివిన చదువుకు విలువ ఏమిటి?

మన రాష్ట్రానికి ఇది కొత్త కూడా కాదు. 2018 గ్రూప్-1 మెయిన్స్ జవాబు పత్రాలను డిజిటల్ పద్ధతిలో దిద్దించారు. ఆ సంగతి ముందుగా చెప్పలేదని హైకోర్టు 2021లో తప్పుపట్టి, చేత్తో దిద్దించమంది. ఆ దిద్దడం మీదా మళ్లీ వివాదమే. 2024లో మెయిన్స్‌నే రద్దు చేస్తూ తీర్పు వచ్చింది, దాని మీద అప్పీలు. పరీక్ష రాసినవాళ్ల వయసు మాత్రం కోర్టు వాయిదాల కోసం ఆగలేదు.

విశ్రాంత పర్సనల్ అధికారి

బాబూ, నేను వేరే సంస్థలో నియామకాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. యాజమాన్యం వైపు ఆలోచన ఎలా ఉంటుందో చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు.

రాత పరీక్షలో రీజనింగ్, జనరల్ నాలెడ్జ్ బాగా చేసి పైకి వచ్చినవారిలో కొందరికి బెంచి వైస్ ముందు నిలబడితే చేయి ఆడదు. వర్క్‌షాపు ఇంచార్జి వచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంటాడు: ఇలాంటివారిని ఇస్తే పని ఎలా నడుస్తుంది, రేపు ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత అని. ఆయన మాటలో న్యాయం ఉంది. ఫిట్టర్ ఎంపికలో చేతిపనికి మార్కులు లేకపోవడం అసలు నోటిఫికేషన్‌లోనే ఉన్న లోపం.

అయితే ఆ లోపాన్ని దిద్దే పద్ధతి ఇది కాదు. మార్కులు టేబుల్ మీదకు వచ్చాక కమిటీ వెయిటేజీ గురించి మాట్లాడుతోందంటే ఏ అంకె వేస్తే ఎవరు లోపలికి వస్తారో, ఎవరు బయటికి పోతారో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. కమిటీలో ఉన్నవారు ఎంత నిజాయితీపరులైనా సరే, అక్కడ వాళ్లు తేలుస్తున్నది పద్ధతిని కాదు, మనుషులను. మా రోజుల్లో ఇలాంటి ప్రతిపాదన వస్తే వచ్చే నోటిఫికేషన్‌లో పెట్టండని ఫైలు మీద రాసి తిప్పి పంపేవాళ్లం.

ముందు మీరు ఒక్క విషయం తెలుసుకోండి. 60:40 అన్న నిర్ణయం ఏ తేదీన జరిగింది? ఫైలులో నోట్ ఉంటుంది, కింద సంతకం, తేదీ ఉంటాయి. ట్రేడ్ టెస్టుకు ముందు తేదీనా, మార్కులు వేశాక తేదీనా అన్నదాని మీద సగం కేసు ఆధారపడి ఉంటుంది.

మర్రిపాలెం రైల్వే

రైల్వే అభ్యర్థిగా నాకు తెలిసిన రెండు ఉదాహరణలు చెబుతాను. రెండింటికీ చాలా తేడా ఉంది.

2018లో లెవెల్-1 పోస్టులకు మొదట పదో తరగతితో పాటు ఐటీఐ కూడా తప్పనిసరి అన్నారు. గొడవ అయ్యింది. ఐటీఐ తప్పనిసరి కాదని మార్చి, వయోపరిమితి పెంచి, దరఖాస్తు గడువు కూడా పొడిగించారు. మధ్యలో మార్చిన మాట నిజమే, కానీ అప్పటికి ఎవరూ పరీక్ష రాయలేదు. కొత్తగా అర్హత వచ్చినవాడికి దరఖాస్తు పెట్టుకునే దారి కూడా ఇచ్చారు.

2019 నోటిఫికేషన్ సంగతి వేరు. లక్షకు పైగా పోస్టులు, కోటికి పైగా దరఖాస్తులు. మూడేళ్లు ఎదురుచూశాక 2022 జనవరిలో ఒక పరీక్ష కాదు, రెండు దశలు అని ప్రకటించారు. బిహార్‌లో రైళ్లు ఆగిపోయేంత ఆందోళన జరిగింది. మార్చికి వెనక్కి తగ్గి ఒకే పరీక్ష అన్నారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, పరీక్షను ఒకటి గానీ అంతకంటే ఎక్కువ దశల్లో గానీ పెట్టే హక్కు తమకుందని ఆ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంది. చాలామంది దాన్ని చదవలేదు.

అందుకే అడుగుతున్నాను అన్నా, మీ నోటిఫికేషన్ చివరి పేజీల్లో 'ఎంపిక విధానాన్ని మార్చే అధికారం సంస్థకు ఉంది' అన్న వాక్యం ఉందా?

గాజువాక ఫిట్టర్

ఉంది. ఇప్పుడే చూశాను. సాధారణ షరతుల్లో చిన్న అక్షరాల్లో ఉంది: కారణం చూపకుండా ఎంపిక ప్రక్రియను సవరించే, రద్దు చేసే హక్కు యాజమాన్యానిది అని. అంటే నాకు దారి లేనట్టేనా?

ఎంవీపీ న్యాయవాది

సర్వీసు కేసులు చూస్తాను. లేనట్టే అని అప్పుడే అనుకోకండి.

ఈ విషయంలో ఇప్పుడు పట్టుకోవాల్సిన తీర్పు తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసుది. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చింది. వివాదం మొదలైంది రాజస్థాన్ హైకోర్టులో 13 అనువాదకుల పోస్టుల దగ్గర. 2009 నోటిఫికేషన్. 21 మంది పరీక్ష రాశారు. ఆ తర్వాత కనీసం 75 శాతం మార్కులు ఉండాలన్నారు, ముగ్గురే మిగిలారు. 2013లో ముగ్గురు న్యాయమూర్తులు దీన్ని పెద్ద ధర్మాసనానికి పంపారు.

ధర్మాసనం తేల్చింది ఇది. నియామక ప్రక్రియ ప్రకటన వెలువడటంతో మొదలై, ఖాళీలు నిండటంతో ముగుస్తుంది. ఎంపిక జాబితాలో చోటుకు మొదట ప్రకటించిన ప్రమాణాన్ని మధ్యలో మార్చకూడదు. అమల్లో ఉన్న నిబంధనలు గానీ, వాటికి విరుద్ధం కాని ప్రకటన గానీ అనుమతిస్తే మార్చవచ్చు, అప్పుడు కూడా ఆ మార్పు రాజ్యాంగంలో సమానత్వం గురించి చెప్పే 14వ అధికరణానికి నిలబడాలి. ఇష్టారాజ్యంగా ఉండకూడదు.

మీ చిన్న అక్షరాల వాక్యం ఇక్కడే తేలాలి. ఒక్కో దశకు ప్రమాణం పెట్టే అధికారం నిబంధనల్లోనో ప్రకటనలోనో ఉంటే, ఆ దశ రాకముందే దాన్ని పెట్టాలని తీర్పు చెప్పింది. అభ్యర్థికి గానీ, మార్కులు వేసేవారికి గానీ అది అనుకోని దెబ్బ కాకూడదు. రెండో మాట మీ కేసుకు ప్రాణం. ట్రేడ్ టెస్టు పరీక్షకుడు పాసా, ఫెయిలా అని చూసి మార్కులు వేశాడు, ఎవరు ఎవరికంటే మెరుగు అని చూసి కాదు.

ఈ మాటకు మూలం మన ఆంధ్రప్రదేశ్ కేసే. 2004లో 10 జిల్లా, సెషన్స్ జడ్జి పోస్టులకు ప్రకటన ఇచ్చారు. రాత పరీక్ష, ఇంటర్వ్యూ రెండూ అయ్యాక ఇంటర్వ్యూలో కూడా కనీస మార్కులు ఉండాలన్నారు. 2008లో కె. మంజుశ్రీ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చింది. అదే తీర్పులో రాత మార్కులను 75కు కుదించడాన్ని మాత్రం ఒప్పుకుంది, ఎందుకంటే రాతకు 75, ఇంటర్వ్యూకు 25 అన్న నిర్ణయం పరీక్షకు ముందే జరిగింది. తేదీ గురించి పైన అధికారి గారు చెప్పినది అందుకే సరైన మాట. ఒకవేళ మీ సంస్థలో ఫైలు మీద ముందే నిర్ణయించి మీకు చెప్పలేదనుకోండి, అదీ వారికి మేలు చేయదు.

అవతలి పక్షం చూపించే తీర్పు కూడా తెలుసుకోండి. 1973 నాటి సుభాష్ చందర్ మార్వాహా కేసు, హర్యానా సబార్డినేట్ జడ్జీలది. 15 ఖాళీలు, 45 శాతం దాటినవారు 40 మంది. ప్రభుత్వం 55 శాతం వచ్చిన ఏడుగురినే తీసుకుంది, కోర్టు తప్పనలేదు. జాబితాలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదు. కానీ అక్కడ వరుస మారలేదు, పైనుంచి కిందికి వస్తూ ఒకచోట ఆగారు. మీ సంస్థ వరుసనే తిరగరాసింది.

ఆటోనగర్ కుర్రాడు

నేను కూడా ఇదే పరీక్ష రాశాను. పాత లెక్కలో నా పేరు లేదు. కొత్త లెక్కలో ఉంది.

ఇక్కడ అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. ఐటీఐ అయిన దగ్గర నుంచి ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పని చేస్తున్నాను. డ్యూటీ అయ్యి ఇంటికి వెళ్లేసరికి రాత్రి అవుతుంది, కోచింగ్‌కు డబ్బూ లేదు, సమయమూ లేదు. కరెంట్ అఫైర్స్‌లో వెనకపడ్డాను. కానీ ఇనుము పట్టుకుంటే నాకు భయం లేదు. ఆ పోస్టు ఫిట్టర్‌ది. నాకంటే చక్కగా జాబ్ చేసినవాళ్లు మా బ్యాచ్‌లో తక్కువ. సంస్థ ఇప్పుడైనా సరైన పని చేసిందని నేను నమ్ముతున్నాను. మీరు కోర్టుకు వెళితే పోయేది నా ఉద్యోగం.

గాజువాక ఫిట్టర్

తమ్ముడూ, నీ మీద నాకు ఏ కోపమూ లేదు. నీ చేతిపని గొప్పదని ఒప్పుకుంటాను. మొదటి నోటిఫికేషన్‌లోనే 40 శాతం అని రాసి ఉంటే నేను ఆ మిగిలిన సమయమంతా జాబ్ మీదే పెట్టేవాణ్ని. అప్పుడు కూడా నువ్వే నెగ్గితే తల వంచి ఇంటికి వెళ్లేవాణ్ని. ఇద్దరికీ ఒకే మాట ముందే చెప్పలేదు, నా బాధ అంతవరకే.

భీమిలి టీచరు

ఇద్దరి మాటలూ చదివాక రాయకుండా ఉండలేకపోయాను. 2008 డీఎస్సీ సంగతి ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. నోటిఫికేషన్ వచ్చాక సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టుల్లో 30 శాతం డీఎడ్ చేసినవారికే కేటాయించారు. చిన్న తరగతులకు డీఎడ్ శిక్షణే తగినదన్న వాదనలో బలం ఉంది, నేనూ డీఎడ్ చేసినదాన్నే. కానీ ఉమ్మడి పోటీ అనుకుని వచ్చిన బీఎడ్ అభ్యర్థులు మెరిట్ ఉండీ బయట ఉండిపోయారు. కోర్టులు, ధర్నాలు, వినతులు. చివరికి 2021లో మన ప్రభుత్వం 2,193 మందిని మినిమం టైం స్కేలు మీద, అంటే ఆ పోస్టు స్కేలులోని కనీస జీతం మీద తీసుకుంది. పన్నెండేళ్ల తర్వాత, అదీ రెగ్యులర్ కాదు. వారిలో ఒకరు మా మండలంలో పనిచేస్తున్నారు. తనకంటే చిన్నవాళ్లు సర్వీసులో సీనియర్లు. పింఛను, ఇంక్రిమెంట్ల మాట వచ్చినప్పుడు ఆమె లేచి తరగతి గదికి వెళ్లిపోతారు.

అప్పుడు లాభపడిన డీఎడ్ వాళ్ల తప్పేమీ లేదు. ఇప్పుడు ఆటోనగర్ తమ్ముడి తప్పూ లేదు. తప్పు చేసినవారు మాత్రం ఈ గొడవలో ఎక్కడా కనిపించరు, మనలో మనమే కొట్టుకుంటాం.

ద్వారకానగర్ పాఠకుడు

మేడం, సరిగ్గా చెప్పారు. నాకు ఇంకో సందేహం. అర్హత ప్రమాణాన్ని తగ్గిస్తే ఎవరికీ నష్టం లేదు కదా, పెంచితేనే కదా అన్యాయం?

ఎంవీపీ న్యాయవాది

తగ్గించినా నష్టమే. పక్కనే ఉన్న విజయనగరం కేసు చూడండి. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల సొసైటీ టీచరు పోస్టుకు ద్వితీయ శ్రేణి అడిగింది. అది లేని అభ్యర్థిని ఎంపిక చేసి, ఆ తర్వాత చేర్చుకోలేదు. 1990లో సుప్రీంకోర్టు చెప్పింది: ఇది ఆ అభ్యర్థికీ యాజమాన్యానికీ మధ్య విషయం మాత్రమే కాదు. అంతే అర్హత ఉండి, ప్రకటన చూసి 'మనకు లేదులే' అని దరఖాస్తే పెట్టనివారు ఎందరో ఉంటారు. సడలింపు ఉంటుందని చెప్పకుండా సడలించడం ప్రజలను మోసగించడమేనని ఆ తీర్పు సారం. రైల్వే 2018లో గడువు పొడిగించి ఆ తప్పు నుంచి బయటపడింది.

ఇక గాజువాక మిత్రుడికి. వెంటనే లిఖితపూర్వకంగా అభ్యంతరం పంపండి, రిజిస్టర్డ్ పోస్టులో. నియామకపు ఉత్తర్వులు వెళ్లాక కోర్టుకు వస్తే చిక్కులు పెరుగుతాయి. కేరళ జిల్లా జడ్జీల కేసులో 2023లో రాజ్యాంగ ధర్మాసనం ఇంటర్వ్యూ కటాఫ్ తర్వాత పెట్టడం తప్పేనని తేల్చింది. అయినా ఆరేళ్లుగా పనిచేస్తున్నవారిని దించలేదు. గెలిచినవారికి ఉద్యోగం రాలేదు. ఒకవేళ ఈలోగా ధ్రువపత్రాల పరిశీలనకు మిమ్మల్ని పిలిస్తే వెళ్లండి, కానీ కొత్త విధానానికి అభ్యంతరం తెలుపుతూనే హాజరవుతున్నానని కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. అన్నిటికీ ఊరుకుని, ఫలితం వచ్చాక సవాలు చేస్తే ముందే ఒప్పుకున్నారు కదా అని మదన్ లాల్ కేసు చూపిస్తారు.

ప్రభుత్వ రంగ సంస్థ కాబట్టి 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. కొత్త జాబితాలో ఉన్నవారిలో కొందరినైనా ప్రతివాదులుగా చేర్చాలి. వారి మాట వినకుండా కోర్టు ఆ జాబితాను ముట్టుకోదు. ఆటోనగర్ మిత్రుడూ, నోటీసు వస్తే పక్కన పడేయకండి. మీ తరఫున కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు వేయించండి.

నిర్వాహకులు

ట్రేడ్ టెస్టు పరీక్షకుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. విషయం మీదే మాట్లాడండి.

విశ్రాంత పర్సనల్ అధికారి

సమాచార హక్కు దరఖాస్తు ఇలా రాయండి బాబూ. ఎందుకు మార్చారు అని అడగవద్దు, దానికి జవాబు ఇవ్వరు. కాగితం అడగండి. వెయిటేజీ నిర్ణయించిన నోట్ ప్రతి, దాన్ని ఆమోదించిన అధికారి హోదా, తేదీ. ట్రేడ్ టెస్టుకు ముందు పరీక్షకులకు ఇచ్చిన సూచనల ప్రతి. ఏ కొలతకు ఎన్ని మార్కులో చెప్పే పట్టిక. మీ సొంత మార్కుల పత్రం. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

పరీక్షకులకు ఇచ్చిన సూచనలు చాలా ముఖ్యం. అర్హత పరీక్ష అని చెప్పి ఉంటే, చాలామందికి గుండుగుత్తగా ఒకే రకమైన మార్కులు పడి ఉంటాయి. వాటిని ర్యాంకుకు వాడటం ఎంత తప్పో ఆ పట్టికే చెబుతుంది.

ఆటోనగర్ కుర్రాడు

సార్ చెప్పినది చదివాక ఒక విషయం రాయాలనిపించింది. నాకు నష్టమైనా రాస్తున్నాను. నా జాబ్ అప్పగించినప్పుడు వెర్నియర్ పెట్టి రెండు చోట్లే కొలిచారు. డ్రాయింగ్‌లో అంతకంటే ఎక్కువ కొలతలు ఉన్నాయి. నా ముందున్న అతనికి గాడి లోతు అసలు కొలవలేదు, ముక్క ఇమిడిందా లేదా అని చూసి పక్కన పెట్టారు. అప్పుడు నాకు తప్పనిపించలేదు, పాస్ చేయడానికే కదా అనుకున్నాను.

నా మార్కులు సరైనవే అని నా నమ్మకం. కానీ పక్కవాడికి సరిగ్గా వేశారా అంటే చెప్పలేను.

మర్రిపాలెం రైల్వే

ఇంత మాట చెప్పడానికి ధైర్యం కావాలి తమ్ముడూ.

ట్రేడ్ టెస్టు మళ్లీ పెడితే? అందరికీ ముందే మార్కుల పట్టిక ఇచ్చి?

ఎంవీపీ న్యాయవాది

నోటిఫికేషన్ ప్రకారం మెరిట్‌కు రాత పరీక్షే కొలమానం. ట్రేడ్ టెస్టు మళ్లీ పెట్టి ర్యాంకుకు వాడితే మొదటి తప్పు అలాగే ఉంటుంది. సంస్థకు నిజంగా చేతిపనికి మార్కులు ఉండాలనిపిస్తే సరైన కారణాలు రాసి ఈ నోటిఫికేషన్ రద్దు చేసి, కొత్తది ఇచ్చి, ఇప్పటికే రాసినవారికి వయసులో సడలింపు ఇవ్వవచ్చు. లేదా పాత లెక్కతోనే ఇది ముగించి, వచ్చేసారికి 40 శాతం పెట్టవచ్చు. నా అభిప్రాయంలో రెండోదే మంచిది.

గాజువాక ఫిట్టర్

అభ్యంతరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. సమాచార హక్కు దరఖాస్తు అధికారి గారు చెప్పినట్టే రాశాను, రేపు పంపుతాను. నోటిఫికేషన్ ప్రతి, అర్హుల జాబితా, కొత్త నోటీసు మూడూ తేదీలతో సహా దాచుకున్నాను. వెబ్‌సైటులో అర్హుల జాబితా ఈ రోజు కనిపించడం లేదు, కాబట్టి ఎవరి దగ్గరైనా ప్రతి ఉంటే జాగ్రత్త చేసుకోండి. పాత లెక్కలో చోటు ఉండి కొత్తదాంట్లో పోయినవారు నాకు సందేశం పెట్టండి, విడివిడిగా కంటే కలిసి వెళితే ఖర్చు తగ్గుతుంది.

ఆటోనగర్ కుర్రాడు

అన్నా, నీ అభ్యంతరంలో నేను చేరను, నాకు ఆ ఉద్యోగం కావాలి. కానీ మార్కుల పట్టిక, పరీక్షకులకు ఇచ్చిన సూచనల కోసం నేనూ నా పేరుతో దరఖాస్తు పెడతాను. వచ్చిన కాగితం ఇక్కడే పెడతాను. పోస్టల్ ఆర్డర్ ఎవరి పేరున తీయాలో ఎవరైనా చెప్పండి.

విశ్రాంత పర్సనల్ అధికారి

ఆ సంస్థ వెబ్‌సైటులో సమాచార హక్కు పేజీ ఉంటుంది బాబూ, ఎవరి పేరున తీయాలో అందులో రాసి ఉంటుంది. అది తప్పు పడితే దరఖాస్తు తిప్పి పంపుతారు, చూసుకుని తీయించు.